అలమండ సంతలో తాత కమీషన్ ఎప్పుడూ మునగలేదు, అబిద్జాన్ బేరంలో నాది ఎందుకు మునిగింది?

మా తాత ఎడ్ల బ్రోకరు. విజయనగరం జిల్లాలో అలమండ సంత తెలిసినవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. తెలీనివాళ్ల కోసం చెప్తున్నా, అక్కడ ఎడ్ల బేరం నోటితో కాదు, తువ్వాలు కింద వేళ్లతో నడిచేది, కొనేవాడి వేళ్లు పట్టుకుని రేటు తెలుసుకుని, అటు తిరిగి అమ్మేవాడి వేళ్లు పట్టుకుని ఇంకో రేటు చెప్పి, ఓ గంట ఇద్దర్నీ తిప్పితిప్పి కుదిర్చేవాడు. ఆయన దగ్గర అగ్రిమెంటు లేదు, లాయరు లేడు, వేలిముద్రే సంతకం. అయినా కమీషన్ ఎగ్గొట్టించుకున్న రోజు ఒక్కటీ లేదంటాడు మా నాన్న. ఎందుకంటే డబ్బులు లెక్కపెట్టేటప్పుడు, ఎద్దు పలుపు చేతులు మారేటప్పుడు ఆయన ఆ ఇద్దరి మధ్యలో నిలబడి ఉండేవాడు. తన వాటా రొంటిన పడ్డాకే పలుపు అవతలివాడి చేతికి వెళ్లేది.

నేను డిగ్రీ చదివాను, ఈమెయిల్ వాడాను, ఇంగ్లీషులో అగ్రిమెంటు డౌన్‌లోడ్ చేశాను, అయినా మునిగాను. అందుకే ఈ వ్యాసం. ఇంటర్నేషనల్ ట్రేడ్‌లో మధ్యవర్తి కమీషన్ ఎలా పోతుంది, ఎలా ఆపుకోవచ్చు, చట్టం ఎంతవరకు మనవైపు ఉంటుంది, ఎక్కడ వదిలేస్తుంది అన్నది నాకు తెలిసినంతలో విప్పి చెప్తాను. నేను లాయర్ని కాను, దెబ్బ తిన్నాక చదువుకున్న బ్రోకర్ని, ఆ తేడా గుర్తుపెట్టుకుని చదవండి.

మాది కాశీబుగ్గ. పలాస జీడిపప్పు దేశమంతా ఫేమస్సే కానీ ఇక్కడి ఫ్యాక్టరీలు నడవడానికి మన ఉద్దానం తోటల జీడి పిక్కలు ఏడాది పొడవునా సరిపోవు, అందుకని ఆఫ్రికా నుంచి పచ్చి పిక్కలు తెప్పిస్తారు, ఐవరీ కోస్ట్, ఘానా, గినీ బిస్సావు, టాంజానియా, ఇలా. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పచ్చి పిక్కలు పండించేది ఐవరీ కోస్టే. సరుకు క్వాలిటీని ఔట్‌టర్న్‌లో కొలుస్తారు, అంటే 80 కేజీల బస్తా కొడితే ఎన్ని పౌన్ల బరువు మంచి పప్పు వస్తుందో ఆ లెక్క. 47 అని కాంట్రాక్టు రాసుకుని 45 వస్తే ఓనరు మొహం ఎలా ఉంటుందో పలాసలో ఎవర్నడిగినా చెప్తారు.

కరోనాకి ముందు సంగతి. ఇక్కడి ఒక ఫ్యాక్టరీ ఓనర్ని ఐవరీ కోస్ట్‌లోని అబిద్జాన్‌లో ఉన్న ఒక ఎక్స్‌పోర్టర్‌కి కలిపాను. శాంపిల్ చూపించింది నేనే, రాత్రి 11కి వాట్సాప్‌లో రేటు కుదిర్చింది నేనే, పిక్కలు కోసి పప్పు చూసే కటింగ్ టెస్టు దగ్గర నించున్నదీ నేనే. టన్నుకి 10 డాలర్లు, అమ్మేవాడు ఇవ్వాలి, అలా ఈమెయిల్‌లో ఒక్క లైను. మొదటి సరుకు వచ్చింది, కమీషన్ కూడా వచ్చింది, ఇంట్లో స్వీట్లు పంచాను. రెండో సీజన్‌కి ఇద్దరూ చల్లబడిపోయారు, ఈ ఏడు మార్కెట్ బాలేదు అని ఒకడు, ఫ్యాక్టరీ మూసేద్దామనుకుంటున్నా అని ఇంకొకడు. వైజాగ్ పోర్టులో క్లియరింగ్ చూసే ఒక ఫ్రెండు ఫోన్ చేసి "ఏటి బావా, మీ పార్టీకి 300 టన్నులు దిగింది, స్వీట్లు ఎక్కడ?" అన్నాడు. అప్పుడు తెలిసింది.

తర్వాత ఇంకో సంగతి కూడా బయటపడింది. నా 10 డాలర్లలో 5 డాలర్లు ఆ ఎక్స్‌పోర్టరు రేటులో తగ్గించి మనవాడికి ఇచ్చాడు, మిగతా 5 తను ఉంచుకున్నాడు. ఇద్దరికీ లాభమే! మధ్యవర్తిని తప్పించడం అనేది దుర్మార్గం వల్ల మాత్రమే జరగదు, లెక్క ప్రకారం జరుగుతుంది, కమీషన్ ఎంత పెద్దదైతే నిన్ను పక్కన పెట్టాలన్న ఆశ ఇద్దరికీ అంత పెద్దదవుతుంది. ఇది అర్థం కానంతకాలం నేను వాళ్లని తిట్టుకుంటూ కూర్చున్నాను తప్ప నా కాగితాల వైపు చూడలేదు.

ఓనరు దగ్గరికి వెళ్లి గట్టిగానే అడిగాను. ఆయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది, "ఒకసారి కలిపావు తమ్ముడూ, దానికి ఇచ్చాం కదా, ఇంకా జీవితాంతం ఇవ్వాలా ఏటి?" కోపం వచ్చింది కానీ ఇంటికొచ్చి పడుకున్నాక అనిపించింది, ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర కూడా లేదు కదా అని. ఒక పరిచయం విలువ ఎన్నాళ్లు? ఒక్క షిప్‌మెంటా, రెండు సీజన్లా, పదేళ్లా? కమీషన్ ఎన్నాళ్లో నేను ఎక్కడా రాసుకోలేదు, ఆయన అడగలేదు. రాసుకోనిదాన్ని ఎవడి ఇష్టం వచ్చినట్టు వాడు చదువుకుంటాడు.

సరే, చట్టంలోకి వెళ్దాం. మన దేశంలో దీనికి ఆధారం 1872 నాటి కాంట్రాక్ట్ చట్టమే. అందులో 219వ సెక్షన్ చెప్పేది ఏంటంటే, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే ఏజెంటుకి అప్పజెప్పిన పని పూర్తయితేనే అతని ప్రతిఫలం బాకీ అవుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది, కానీ "పని" అంటే ఏంటి అన్నదగ్గరే గొడవంతా. పార్టీని చూపించడమా? కాంట్రాక్టు మీద సంతకమా? సరుకు ఓడ ఎక్కడమా? డబ్బు అమ్మేవాడి ఖాతాలో పడడమా? ఈ నాలుగింటి మధ్య మూడు నెలల గ్యాప్ ఉండొచ్చు, ఆ మూడు నెలల్లో మార్కెట్ పడిపోవచ్చు, సరుకు రిజెక్ట్ అవ్వొచ్చు, ఇద్దరూ రాజీ పడి కాంట్రాక్టు క్యాన్సిల్ చేసుకుని మర్నాడు కొత్త కాంట్రాక్టు రాసుకోవచ్చు (ఇది నిజంగా చేస్తారు, నవ్వకండి).

ఇంగ్లండ్‌లో ఒక కేసు ఉంది, బ్రోకర్లందరూ తెలుసుకోవాల్సింది. ఎందుకంటే ఈ పిక్కల కాంట్రాక్టుల్లో కూడా చాలాసార్లు ఇంగ్లిష్ లా వర్తిస్తుంది అని రాసేస్తుంటారు. బార్టన్ అనే ఆయన నాష్ హౌస్ అనే బిల్డింగుకి కొనేవాళ్లని చూపించాడు, వాళ్ల చేతికి 65 లక్షల పౌన్లకి అమ్ముడైతే ఆయనకి 12 లక్షల పౌన్లు ఇవ్వాలని నోటిమాట. చివరికి కొన్నది ఆయన చూపించిన పార్టీయే, కానీ 60 లక్షలకి. మరి 60 లక్షలకి అమ్ముడైతే ఎంత ఇవ్వాలి? అది మాట్లాడుకోలేదు. అప్పీల్ కోర్టు 4,35,000 పౌన్లు ఇవ్వమంది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు 3:2 మెజారిటీతో దాన్ని కొట్టేసి ఏమీ రాదు పొమ్మంది. మీరిద్దరూ రాసుకోని పరిస్థితికి మేం కొత్తగా ఒప్పందం రాసిపెట్టం అన్నది సారాంశం. ఇద్దరు జడ్జీలు ఒప్పుకోలేదన్నది బార్టన్‌కి ఓదార్పేమో గానీ డబ్బులైతే కాదు.

ఇప్పుడు దీన్ని పలాసకి తెచ్చుకుందాం. టన్ను 1,400 డాలర్ల మీద 47 ఔట్‌టర్న్‌కి బేరం కుదిరింది అనుకోండి, లెక్క కోసమే ఈ అంకె. సరుకు 45 వచ్చింది, ఓనరు డిస్కౌంట్ అడిగాడు, చివరికి 1,310కి సెటిలైంది. మీ కమీషన్ శాతంలో ఉంటే దేని మీద శాతం? టన్నుకింత అని ఉంటే ఓడ ఎక్కిన టన్నులా, తూకంలో దిగిన టన్నులా? తేమ ఆరిపోయి దారిలో బరువు తగ్గుతుంది కదా. నా అభిప్రాయం అడిగితే టన్నుకింత అని పెట్టుకోవడమే మేలు, అదీ బిల్ ఆఫ్ లేడింగ్‌లో, అంటే ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదులో, ఉన్న బరువు మీద, రేటు ఎంతకి తెగినా సరే అని ఒక ముక్క కలిపి. శాతం పెడితే ప్రతి డిస్కౌంట్ గొడవలోకీ మీరు కూడా లాగబడతారు.

ఇక అందరూ చెప్పే మందు ఎన్‌సీఎన్‌డీఏ. నాన్ సర్కమ్‌వెన్షన్, నాన్ డిస్‌క్లోజర్ అగ్రిమెంట్ అని, అంటే నన్ను దాటి పోము, నువ్వు చెప్పిన పేర్లు బయటపెట్టము అని రెండు పార్టీలూ రాసిచ్చే కాగితం. దీని మీద మనవాళ్లకి ఉన్న నమ్మకం చూస్తే నాకు ఆశ్చర్యం. నేను డౌన్‌లోడ్ చేసిందీ అదే, మొదటి సీజన్లో ఎక్స్‌పోర్టరు సంతకం కూడా పెట్టాడు, కానీ ఓనరు పెట్టలేదు, నేనూ మొహమాటపడి అడగలేదు, మన ఊరివాడే కదా అని. దాంతో తప్పు చేసిన ఇద్దరిలో ఒకడి మీదే కాగితం ఉంది, అదీ ఏడు సముద్రాల అవతల ఉన్నవాడి మీద.

ఆ కాగితంలో "ఐదేళ్లపాటు వీళ్లిద్దరూ నేను లేకుండా వ్యాపారం చేయకూడదు" అని రాసి ఉంది. గట్టిగా ఉంది అనుకున్నా. కానీ మన కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఎవరినైనా చట్టబద్ధమైన వ్యాపారం చేయకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఒప్పందం నడుస్తున్నంతకాలం ఉండే కట్టుబాట్లని కోర్టులు కొంత ఒప్పుకుంటాయి, అది అయిపోయాక కూడా ఆపుతానంటే ఒప్పుకోవు. క్రికెటర్ జహీర్ ఖాన్ కేసు ఇదే, ఆయన్ని చూసుకునే కంపెనీ ఒకటి, ఒప్పందం ముగిశాక కూడా వేరేవాళ్లతో వెళ్లే ముందు మాకే మొదటి అవకాశం ఇవ్వాలి అంది, 2006లో సుప్రీంకోర్టు అది 27వ సెక్షన్‌కి విరుద్ధం అని తేల్చేసింది. మీ నాన్ సర్కమ్‌వెన్షన్ క్లాజు కూడా అచ్చంగా అలాగే పోతుందని కాదు నేననేది, అవతలి లాయరు మొదట లాగేది మాత్రం ఆ తీగనే.

దీనికి విరుగుడు మాటల్లోనే ఉంది. "చేయకూడదు" అని రాయకండి, "చేసుకోండి, చేస్తే నాకు టన్నుకి 10 డాలర్లు బాకీ" అని రాయండి. ఎవరి వ్యాపారాన్నీ మీరు ఆపట్లేదు, మీరు చూపించిన పార్టీతో జరిగిన ప్రతి షిప్‌మెంటుకీ మీ ధర అడుగుతున్నారు, అంతే. ఇంకో లాభం కూడా ఉంది. దాటిపోతే లక్ష డాలర్లు జరిమానా అని కొంతమంది అగ్రిమెంట్లలో పెడతారు, చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, 74వ సెక్షన్ దాన్ని నీరుగార్చేస్తుంది, రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి మించకుండా కోర్టుకి సమంజసం అనిపించినంత పరిహారమే వస్తుంది. అదే కమీషన్ బాకీ అని అడిగితే నష్టం ఎంతో రుజువు చేసుకునే గొడవ తగ్గుతుంది, ఇన్ని టన్నులు దిగాయి, టన్నుకింత, ఇవ్వు.

ఎన్నాళ్లు అన్నదీ అక్కడే తేల్చుకోవాలి. ఓనరు అడిగిన ప్రశ్నకి ఇప్పుడు నా జవాబు మూడు సీజన్లు, మొదటి సీజన్ ఫుల్ రేటు, తర్వాత సగం, ఆ తర్వాత పావు. ఎందుకంటే మూడో ఏడు నాటికి నిజంగానే నా పని తగ్గిపోతుంది, వాళ్లకి వాళ్లే తెలుసు. తగ్గుతూ వచ్చే కమీషన్ అయితే నన్ను తప్పించాలన్న ఆశ కూడా తగ్గుతుంది, రెండున్నర డాలర్ల కోసం ఎవడూ దొంగతనంగా షిప్‌మెంట్ చేయడు. మా బావ దీన్ని పిరికితనం అంటాడు, సరే, ఆయనిష్టం.

ఇక్కడ ఒక పక్కదారి పట్టాలి, క్షమించండి, కానీ ఇది చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పెద్ద పెద్ద బేరాలు చూస్తుంటారు కదా, ఐకమ్‌సా 45 గ్రేడు పంచదార లక్షల టన్నులు, డీజిల్ ఓడలకి ఓడలు, బంగారం కిలోల లెక్కన, బయ్యర్ సైడు నలుగురు బ్రోకర్లు, సెల్లర్ సైడు ఐదుగురు, ఒక్కడికి కూడా అసలు బయ్యరు తెలీదు. అక్కడ ఒక కాగితం తిరుగుతుంది, మాస్టర్ ఫీ ప్రొటెక్షన్ అగ్రిమెంట్ అని, పైన ఐసీసీ గుర్తు, కింద "యూసీపీ 600 ప్రకారం ఈ కమీషన్ మార్చరానిది" అని. యూసీపీ 600 అనేది లెటర్ ఆఫ్ క్రెడిట్ల మీద (ఎల్‌సీ అంటారు, సరైన కాగితాలు చూపిస్తే అమ్మేవాడికి డబ్బిస్తామని కొనేవాడి తరఫున బ్యాంకు రాసిచ్చే హామీ) ఐసీసీ, అంటే ప్యారిస్‌లోని ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్, పెట్టిన రూల్సు, 2007 జులై 1 నుంచి అమల్లో ఉంది, మొత్తం 39 ఆర్టికల్స్. బ్రోకరు కమీషన్ కాపాడతాం అన్న ఆర్టికల్ అందులో ఒక్కటీ లేదు. ఇంకా కొన్ని కాగితాల మీద యూసీపీ 500 అనీ, 400 అనీ ఉంటుంది, అవి ఎప్పుడో మూలకెళ్లిపోయిన పాత ఎడిషన్లు. ఐసీసీ పేరుతో నిజంగా ఉన్నది వేరే, అప్పుడప్పుడు మధ్యవర్తిత్వం చేసేవాళ్ల కోసం 2000లో తెచ్చిన మోడల్ కాంట్రాక్ట్, నంబర్ 619, అది కూడా నమూనా మాత్రమే, మీరూ అవతలివాళ్లూ సంతకం పెడితేనే మీ మధ్య చెల్లుతుంది, ఐసీసీ వచ్చి మీ డబ్బు వసూలు చేసిపెట్టదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మా తాత దగ్గర ఉండి నా దగ్గర లేనిది ఆ చోటు. పలుపు చేతులు మారేచోటు. సంతలో అది కళ్లకి కనపడుతుంది, అబిద్జాన్ నుంచి వైజాగ్ వచ్చే సరుకులో ఆ చోటు ఓడా కాదు, పోర్టూ కాదు, బ్యాంకు. బిల్ ఆఫ్ లేడింగ్ ఇటు వస్తుంది, డబ్బు అటు వెళ్తుంది, రెండూ చేతులు మారేది అక్కడే. అక్కడ మన పేరు ఉంటే మనం సంతలో ఉన్నట్టు, లేకపోతే ఊళ్లో అరుగు మీద కూర్చుని సంత గురించి వింటున్నట్టు.

అక్కడ పేరు పెట్టించుకోవడానికి రెండు ముఖ్యమైన దారులున్నాయి. మొదటిది ట్రాన్స్‌ఫరబుల్ ఎల్‌సీ, యూసీపీ 600లో 38వ ఆర్టికల్. కొనేవాడు ఎల్‌సీ మీ పేరున తెరుస్తాడు, దాని మీద ట్రాన్స్‌ఫరబుల్ అని స్పష్టంగా రాసి ఉండాలి, మీరు దాన్ని అసలు అమ్మేవాడికి తక్కువ రేటుకి బదిలీ చేస్తారు. సరుకు ఎక్కాక అతను తన ఇన్వాయిస్ ఇస్తే దాని స్థానంలో మీ ఇన్వాయిస్ పెట్టొచ్చు, రెండు ఇన్వాయిస్‌ల మధ్య తేడా మీది. రేటు, మొత్తం, గడువులు తగ్గించుకోవచ్చు, మిగతా షరతులు మారవు, కొనేవాడి పేరు బదులు మీ పేరు కూడా పెట్టించుకోవచ్చు. వినడానికి స్వర్గంలా ఉంది. కానీ బ్యాంకు అడిగిన వెంటనే మీరు మీ ఇన్వాయిస్ ఇవ్వకపోతే అమ్మేవాడి ఇన్వాయిస్‌నే ముందుకి పంపే హక్కు బ్యాంకుకి ఉంది, అప్పుడు మీ తేడా పోతుంది, రేటు కూడా బయటపడిపోతుంది. పైగా ఇన్వాయిస్ మార్చారు సరే, బిల్ ఆఫ్ లేడింగ్ మీద సరుకు పంపిన షిప్పర్ పేరు? సరుకు ఏ దేశందో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ మీద? మొక్కల పరీక్ష చేసి ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ మీద? మొత్తానికి ఎక్కడో ఒకచోట అసలు పేరు కనపడుతుంది. మా ఓనరుకి అబిద్జాన్ వాడి అడ్రస్సు ఎవరూ లీక్ చేయలేదు, డాక్యుమెంట్ల మీదే ఉంది. పేర్లు దాచి కమీషన్ కాపాడుకోవచ్చు అన్న ఆలోచనే పాతబడిపోయింది నా దృష్టిలో. ఇంకోటి, ఎల్‌సీ మీ పేరున వచ్చిందంటే మీరు బ్రోకరు కాదు అమ్మేవాడు, సరుకు పాడైతే ఓనరు పట్టుకునేది మీ కాలరే. టన్నుకి 10 డాలర్ల కోసం 1,400 డాలర్ల రిస్కు నెత్తిన పెట్టుకోవాలా అన్నది ఎవరికి వారు చూసుకోవాలి.

రెండోది నాకు నచ్చింది, మన దగ్గర తక్కువమంది వాడేది, 39వ ఆర్టికల్, అసైన్‌మెంట్ ఆఫ్ ప్రొసీడ్స్. ఎల్‌సీ అమ్మేవాడి పేరునే ఉంటుంది, సరుకు బాధ్యత అంతా అతనిదే, కానీ ఆ ఎల్‌సీ కింద తనకి రాబోయే డబ్బులో టన్నుకి 10 డాలర్ల చొప్పున ఫలానా ఆయనకి ఇవ్వండి అని అతను బ్యాంకుకి రాసిస్తాడు. ఆ హక్కు ఎంతవరకు చెల్లుతుందో వర్తించే చట్టం చూస్తుంది, యూసీపీ దాన్ని అడ్డుకోదు. ఇక్కడ ప్రాణం ఎక్కడుందంటే, అమ్మేవాడు రాసిచ్చిన లెటర్ కాపీ మీ జేబులో ఉంటే సరిపోదు, డబ్బు చెల్లించే బ్యాంకు అవును నాకు అందింది, ఒప్పుకుంటున్నాను అని మీకు తిరిగి రాయాలి. ఆ ఎక్నాలెడ్జ్‌మెంట్ లేని అసైన్‌మెంట్ అంటే పెళ్లికొడుకు లేని శుభలేఖ. అది వచ్చాక మాత్రం అమ్మేవాడు మనసు మార్చుకున్నా మీ అనుమతి లేకుండా వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు. డాక్యుమెంట్లలో తప్పులుండి ఎల్‌సీ డబ్బే రాకపోతే మీకూ రాదు, అది నిజమే, సంతలో ఎద్దు అమ్ముడవకపోతే తాతకి వచ్చేదా?

ఇది ఆ ఒక్క ఎల్‌సీ వరకే అన్నది గుర్తుంచుకోండి. రేపటి షిప్‌మెంటుకి కొత్త ఎల్‌సీ, కొత్త అసైన్‌మెంట్. అందుకే రెండూ కావాలి, పైన చెప్పిన మూడు సీజన్ల అగ్రిమెంటు ముగ్గురి సంతకాలతో, దాని కింద ప్రతి ఎల్‌సీకీ ఒక అసైన్‌మెంటు. ఇంకా కుదిరితే వాళ్లిద్దరి మధ్య రాసుకునే సేల్ కాంట్రాక్టులోనే ఒక లైను, "ఈ అమ్మకానికి బ్రోకరు ఫలానా, కమీషన్ ఇంత, ఇచ్చేది ఫలానా" అని. కొనేవాడు ఇక నాకు తెలీదు అనలేడు.

తెలీదు అనే మాట దగ్గరే ఇంకో పెద్ద ప్రమాదం ఉంది, ఇది బ్రోకర్లకి నచ్చదు. రెండువైపులా కమీషన్ తీసుకోవడం. మన దగ్గర మామూలే, సంతలో కూడా ఇద్దరి దగ్గరా తీసుకుంటారు, కానీ అందరి ఎదురుగా. దొంగచాటుగా తీసుకుంటే కథ వేరు. మోంటెకార్లో గ్రాండ్ హోటల్‌ని 2004లో 21 కోట్ల 15 లక్షల యూరోలకి కొన్నారు, కొనేవాళ్ల తరఫున బేరమాడిన ఏజెంటు అమ్మేవాడి దగ్గర కూడా కోటి యూరోలు పుచ్చుకున్నాడు, తన పార్టీకి సరిగ్గా చెప్పకుండా. 2014లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ కోటి యూరోలు మొత్తం కొన్నవాళ్లవే అని తీర్పు ఇచ్చింది, ఏజెంటు చేతిలో ఉన్నా అది వాళ్ల సొమ్ము కిందే లెక్క అంది. మన చట్టంలో కూడా పనిలో తప్పుడుగా నడుచుకున్న ఏజెంటుకి ఆ భాగానికి ప్రతిఫలం రాదని 220వ సెక్షన్. కాబట్టి రెండువైపులా తీసుకుంటే ఇద్దరికీ ఈమెయిల్‌లో చెప్పి తీసుకోండి. చెప్తే ఒప్పుకోరు అంటారా, అయితే అది తీసుకోకూడని డబ్బే.

సంతకం ఎలా పెడుతున్నారో కూడా చూసుకోవాలి. విదేశీ వ్యాపారి తరఫున ఇక్కడి ఏజెంటు సరుకు అమ్మకం, కొనుగోలు ఒప్పందం చేస్తే ఆ ఏజెంటే సొంతంగా బాధ్యుడు అని మొదట అనుకోవాలి, కాదని ఒప్పందంలో ఉంటే తప్ప, అంటుంది 230వ సెక్షన్. మా ఊళ్లో చాలామంది ఎక్స్‌పోర్టరు తొందరపెడితే "ఫర్ సెల్లర్" అని గీకేసి పంపిస్తారు. పది డాలర్ల మనిషికి మొత్తం కంటైనర్ బాధ్యత. బ్రోకర్ అని మాత్రమే రాయండి, అదీ సాక్షి స్థానంలో.

మా బావది టెక్కలి వైపు నీలి గ్రానైటు. ఆయన బాధ తిరగబడి ఉంటుంది, ఆయన అమ్మేవాడు, విదేశంలో ఉన్న ఏజెంటు బయ్యర్ని తీసుకొస్తాడు, బయ్యరు క్వారీలో బ్లాకుల మీద మార్కింగ్ చేసుకుని వెళ్తాడు, ఏజెంటుకి క్యూబిక్ మీటరుకి ఇంత. ఏజెంటుకి ఇవ్వాల్సింది బ్యాంకు ద్వారానే పంపాలి లేదా ఇన్వాయిస్‌లోంచి తగ్గించాలి, ఏదైనా ఎక్స్‌పోర్ట్ డిక్లరేషన్‌లో కమీషన్ చూపించి ఉండాలి. చూపించకుండా తర్వాత పంపుతానంటే బ్యాంకువాళ్లు సవాలక్ష కాగితాలు అడుగుతారు. అంటే మీరు విదేశీ ఏజెంటు అయినా, ఇక్కడి బ్రోకరు అయినా, కమీషన్ దాచిపెట్టిన బేరంలో మీ కమీషన్‌కి రక్షణ ఉండదు. యూరప్ కంపెనీలకి పర్మనెంటు ఏజెంటుగా పనిచేస్తే కొంచెం మెరుగు, 1986 నాటి యూరోపియన్ డైరెక్టివ్ ఒకటి సరుకులు అమ్మిపెట్టే ఏజెంటుకి ఒప్పందం ముగిశాక వచ్చిన ఆర్డర్లలో కూడా, అవి ప్రధానంగా అతని కష్టం వల్లే వచ్చుంటే, కమీషన్ ఇస్తుంది. కానీ అది ఎప్పటికప్పుడు నిలకడగా పనిచేసే ఏజెంట్లకే, నాలాంటి సీజన్ బ్రోకర్లకి కాదు.

ట్యాక్సు గురించి రెండు ముక్కలు. విదేశీ అమ్మకందారు దగ్గర డాలర్లలో కమీషన్ వచ్చినా ఇంటర్మీడియరీ సర్వీసు అని చెప్పి 18 శాతం జీఎస్టీ పడుతూ వచ్చింది, దానికి కారణమైన క్లాజుని తీసేయమని 2025 సెప్టెంబరులో 56వ జీఎస్టీ కౌన్సిల్ సిఫారసు చేసింది, మీరు ఇన్వాయిస్ వేసేరోజు పరిస్థితి ఏంటో ఆడిటర్ని అడగండి. రేటు మాట్లాడుకునేటప్పుడే ట్యాక్సు ఎవరిది అని తేల్చుకోకపోతే 10 డాలర్లు ఎనిమిదిన్నర అయిపోతుంది.

గొడవ వస్తే ఎక్కడ తేల్చుకోవాలి? ఎక్కువమంది "విశాఖపట్నం కోర్టుల పరిధి" అని రాసి సంతోషపడతారు. అబిద్జాన్ వాడి మీద ఇక్కడ డిక్రీ తెచ్చుకుని అక్కడ అమలు చేయించడం అంటే గోదారి ఈదాక సముద్రం ఎదురవడం. ఆర్బిట్రేషన్ అయితే, అంటే కోర్టు బయట ఇద్దరూ ఒప్పుకున్న తీర్పరి దగ్గర తేల్చుకుంటే, 1958 న్యూయార్క్ కన్వెన్షన్ ఉంది, మనం 1960లో, ఐవరీ కోస్ట్ 1991లో చేరాయి, ఒక దేశంలో ఇచ్చిన ఆర్బిట్రేషన్ తీర్పుని (అవార్డు అంటారు) ఇంకో దేశం కోర్టులు అమలు చేయాలి, కొన్ని మినహాయింపులు తప్ప. అయినా 3,000 డాలర్ల కోసం ఆర్బిట్రేటర్ ఫీజు కట్టుకుంటారా? చిన్న మొత్తాలకి ఇదంతా కాగితపు పులి. అందుకే నేను మళ్లీ మళ్లీ బ్యాంకు అంటున్నాను.

సాక్ష్యం సంగతి మాత్రం అశ్రద్ధ చేయకండి. మన బేరాలన్నీ వాట్సాప్‌లోనే. అవి కోర్టులో చెల్లవని కాదు, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో పెట్టాలి, స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఇస్తే సరిపోదు. ఫోన్ మార్చేటప్పుడు చాట్లు పోగొట్టుకున్న బ్రోకరు అంటే కత్తి పారేసుకున్న సిపాయి లెక్క. నేను ఇప్పుడు పార్టీల్ని కలిపిన రోజే ఇద్దర్నీ కలిపి ఒక ఈమెయిల్ పెడతాను, "ఈరోజు ఫలానావారిని ఫలానావారికి పరిచయం చేశాను, షరతులు ఇవీ" అని, ఏదో ఒక జవాబు వచ్చేదాకా వదలను, ఓకే అన్నా చాలు. బాకీకి దావా వేయడానికి మామూలుగా మూడేళ్లే గడువు, అది కూడా తేదీ రుజువైతేనే లెక్క.

నా 300 టన్నుల సంగతి అడుగుతారని తెలుసు. టన్నుకి 10 డాలర్లు, 3,000 డాలర్లు, అప్పటి రేటు ప్రకారం 2 లక్షల పైచిలుకు. కమర్షియల్ కోర్టుకి వెళ్లాలంటే కనీసం 3 లక్షల వివాదం ఉండాలి, నాది దానికి తక్కువ, మామూలు సివిల్ కోర్టే. ఓనరు మీద నా దగ్గర కాగితం లేదు, కాగితం ఉన్నవాడు ఐవరీ కోస్ట్‌లో. నోటీసు రాయించాను, పంపలేదు. ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఈ ఏడు ఫిబ్రవరిలో, ఐవరీ కోస్ట్ సీజన్ మొదలవుతుండగా, అదే ఓనరు ఫోన్ చేశాడు. అబిద్జాన్ వాడు పోయినసారి 47 అని చెప్పి 43 సరుకు పంపాడట, మాట్లాడ్డానికి అక్కడ మనిషి లేడట, ఘానాలో మంచి పార్టీ ఏదైనా ఉంటే చూడు తమ్ముడూ అన్నాడు. చూస్తానన్నాను. ముందు ఒక అగ్రిమెంటు మీద సంతకం కావాలి అన్నాను, మూడు సీజన్లు, బ్యాంకు లెటర్, అన్నీ చెప్పాను. పెద్దగా నవ్వాడు, "ఏటిరా, లాయరువైపోయావు" అన్నాడు. ఇంకా సంతకం పెట్టలేదు. ఫోన్ మాత్రం రోజు విడిచి రోజు చేస్తున్నాడు.